రోగులకు చెప్పని ముప్పు

వాల్‌ప్రోయేట్ మూర్ఛను అదుపు చేస్తుందని 1962లో ఫ్రాన్సులో బయటపడింది. మూర్ఛ మందులతో గర్భస్థ శిశువుకు ముప్పు ఉండొచ్చని 1973లోనే బ్రిటన్ మందుల భద్రతా కమిటీకి తెలుసు. డాక్టర్లకు చెబితే చాలనుకుంది. మందు పెట్టెలోని కాగితంలో రాస్తే రోగుల కంటపడుతుందని వద్దంది. 1982లో ఫ్రాన్సులోని లియాన్ నుంచి వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల శిశువుల్లో వెన్ను లోపాల కబురు వచ్చింది. కడుపులో ఉండగా ఈ మందు అందిన పిల్లల ఐక్యూ మూడేళ్ల వయసులో తక్కువగా ఉందని 2009లో అమెరికా, బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. బ్రిటన్ గట్టి ఆంక్షలు పెట్టింది మాత్రం 2018లో.

భయపడి మాత్రలు మానేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కదా అంటారు. నిజమే. కానీ ముందే చెప్పి ఉంటే, గర్భం రాకముందే లామోట్రిజిన్ వంటి మందుకు మారే వీలు చాలామందికి దక్కేది. దాచిపెట్టి ఆ అవకాశాన్నే లాగేసుకున్నారు, ఇది క్షమించరానిది. పైగా సమాచారం భయపెట్టడమే కాదు, ధైర్యమూ ఇస్తుంది: మూర్ఛ మందులు వాడుతూ చనుబాలిచ్చిన తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసులో తెలివితేటలు తగ్గలేదని 2014లో తేలింది. ఇలాంటి సమాచారం కోసం మన దేశంలోనూ తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేస్తోంది. మూర్ఛ మందు వాడుతున్న అమ్మాయిలు సొంతంగా మాత్ర ఆపొద్దు. గర్భం దాల్చకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడాలి.