ఆ సీడీలు ఖరాబు కాలే

జర మంట కాడికి జరిగి కూసోండ్రి, ఇయ్యాల చలి మస్తున్నది. అటక మీద సీడీల డబ్బా దొరికిందని పొద్దుగాల అడిగిండ్రు గదా, "తాతా, పాత కంప్యూటర్ల పెడితె ఏం చూపెడ్తలేదు, పారేద్దామా?" అని. పారేయకుండ్రి బిడ్డా. ఇంట్ల రాసిన సీడీని పాత మెషిన్ చదవకపోతె సీడీ సచ్చిపోయినట్టు కాదు. రాసిన మెషిన్ ఒక కాలంది, చదివే మెషిన్ ఇంకో కాలంది. చానసార్లు పేచీ అక్కడనే ఉంటది.

2000 సంవత్సరం అటిటు నేను హన్మకొండల డీటీపీ దుకాణం నడిపిన. పేజ్‌మేకర్‌ల పుస్తకం కూర్చి, అను ఫాంట్లతోని పేజీలు చేసి ప్రెస్సుకు పంపాలె. ఫ్లాపీల పట్టేది 1.44 ఎంబీ. బొమ్మలున్న పుస్తకం అండ్ల యాడ పడతది? ముక్కలు ముక్కలు చేసి ఫ్లాపీల కట్ట పట్టుకపోతె, కట్టల ఒక్కటి మొండికేసినా పని మొత్తం ఆగిపోతుండె. గసొంటప్పుడు సీడీ రైటర్లు మాసొంటి దుకాణాలకు గూడ అందినయి. ఒక్క సీడీల 650 ఎంబీ! సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ల ఖాళీ సీడీలు కొనుక్కొస్తుంటిమి.

ఇగ రాసుడు సులువైంది, చదివిచ్చుడే పంచాయితీ. మా తాన మంచిగ తెరుచుకున్న సీడీ ప్రెస్సుల పెడితె గిరగిర తిరిగి, డిస్కే లేదన్నట్టు ఊకుంటుండె. "అన్నా, నీ సీడీ ఖరాబైంది" అని ప్రెస్సాయన ఫోన్ జేస్తుండె. నేను ముందుగాల "దాని అడుగు ఏ రంగున్నదో చెప్పు" అని అడుగుతుంటి.

ఆ రంగే సగం సంగతి చెప్తది. కంపెనీల అచ్చుపోసిన సీడీ మీద లేజర్ పడితె కనీసం డెబ్బై శాతం వెలుగు తిరిగొస్తది. మనం ఒక్కపారి రాసే సీడీ-ఆర్ గూడ దానికి దగ్గరదగ్గర్నే ఉంటది. తుడిచి మళ్ల మళ్ల రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ అట్ల కాదు. దాని అడుగు బూడిద రంగుంటది, తిరిగొచ్చే వెలుగు 15 నుంచి 25 శాతమే. ఎండల చదువుకునేటోనికి గుడ్డిదీపం పెట్టినట్టు. ఆర్‌డబ్ల్యూ బజారుకొచ్చింది 1997ల. అంతకుముందు తయారైన డ్రైవుకు అసొంటి డిస్కు ఒకటుంటదనే తెల్వదు. బూడిద రంగు అని ప్రెస్సాయన అంటె, మామూలు సీడీ-ఆర్ మీద రాసి మళ్ల పంపుతుంటి, పని ఒడిసిపోతుండె.

గని అన్నిటికన్నా నాకు యాదున్నది ఒక రిటైరైన సారు పుస్తకం. ఆయన ఊరి చరిత్ర రాసిండు. ముసలోళ్లను అడిగి, శాసనాలు చూసి, చెరువు ఎవరు తవ్విచ్చిండ్రు, బతుకమ్మ ఏ గడ్డ మీద ఆడేటోళ్లు, అన్నీ రాసిండు. ఇంకో సెంటర్ల పేజీలు కూర్చిపిచ్చి, ప్రింటుకు సిద్ధంగ పీఆర్ఎన్ ఫైళ్లు చేపిచ్చిండు. పీఆర్ఎన్ అంటె పేజ్‌మేకర్ లేకున్నా, తెలుగు ఫాంట్లు లేకున్నా, నేరుగ లేజర్ ప్రింటర్‌కు తోలేటి ఫైలు. ప్రెస్సుల పాత డాస్ మెషిన్ ఒకటి ఆ పని మీదనే ఉంటుండె, కాపీ కమాండ్ కొడితె ట్రేసింగ్ పేపర్ మీద పేజీలు వడుతుండె.

సీడీల పాఠం పేజీలు మొదలు రాసిచ్చిండ్రు. తర్వాత ఫొటోల పేజీలు తయారైతె అదే సీడీల మిగిలిన జాగల రాసిచ్చిండ్రు. సారు ప్రెస్సుకు పోతె "ఫొటోలు లేవు" అన్నరు. తెచ్చి మా దుకాణంల పెడితె ఫొటోలే ఉన్నయి, పాఠం లేదు! సారు ముఖం జూడాలె. ఏండ్ల కష్టం, చేతిరాత కాయితాలు కొన్ని అప్పటికే ఎటో పోయినయి. ప్రెస్సాయన అబద్ధమాడుతున్నడని ఆయనకు అనుమానం. నిజానికి రెండు మెషిన్లు చెప్పింది నిజమే.

ఎట్లంటరా? సీడీ మీద రాత లోపలి అంచు కాడ మొదలై బయటికి పోతది. ఒకపారి రాసి మూసింది ఒక సెషన్, దాని ముందట దాని పట్టిక ఉంటది. తర్వాత ఇంకో సెషన్ రాస్తె దానికి ఇంకో పట్టిక. రెండోపారి రాసేటప్పుడు పాత పట్టికను కొత్త దాంట్లకు తీసుకోవాలె, రాసే సాఫ్ట్‌వేర్‌ల ఆ వీలుంటది. తీసుకోకపోతె కొత్త పట్టికల కొత్త ఫైళ్లే ఉంటయి. మా మెషిన్ అన్నిటికన్నా ఆఖరి పట్టిక చూసేది, దానికి ఫొటోలే కనవడ్డయి. ప్రెస్సుల డ్రైవు బహు పాతది, మొదటి సెషన్ దాటి చూసుడే రాదు. 1992ల కొడాక్ ఫొటో సీడీ వచ్చినంక గని డ్రైవుల తయారీదార్లు పలు సెషన్ల సంగతి పట్టిచ్చుకోలే.

సెషన్లను విడివిడిగ చూపెట్టే ఐసోబస్టర్ అని సాఫ్ట్‌వేర్ ఉంటది. దాంతోని రెండు సెషన్లు తెరిచి మొత్తం హార్డ్‌డిస్కులకు దించిన. ఒక్క ఫైలు గూడ పోలే. సారు అట్లనే కుర్సీల కూలవడి, ఒక్కొక్క అధ్యాయం తెరుచుకుంటుంటె పేర్లు పైకి చదివిండు.

మళ్ల రాసేటప్పుడు ఇంకో చిక్కు జూసుకున్న. ఫైళ్ల పేర్లన్నీ బారెడు బారెడు, అన్నిటి మొదలు ఊరి పేరే. డాస్‌ల సీడీ తెరిస్తె 1988 నాటి ఐఎస్ఓ 9660 లెక్కనే కనవడతది. పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. పొడుగు పేర్లు ఒప్పుకునే జోలియట్ విండోస్ 95 తోని వచ్చింది, డాస్‌కు అది తెల్వదు. అట్లనే రాస్తె అన్ని పేర్లు ఒక్క తీరుగ తెగిపోయి ఏ అధ్యాయం ఏదో సమజ్ కాదు. అందుకని పొట్టి పేర్లు వెట్టి, ఒక్క సెషన్ల, తక్కువ స్పీడుల రాసి, డిస్కు పూర్తిగ మూసి పంపిన. పాత డాస్ మెషిన్ గుటుక్కున మింగింది. పుస్తకం అచ్చయింది.

మూయని సీడీలు ఇంకో రకం. సెషన్ మూయకపోతె పట్టికే రాయబడదు, మామూలు డ్రైవుకు అది ఖాళీ డిస్కే. రాసిన రైటర్లనే మళ్ల పెడితె అది గుర్తువడతది, అక్కడనే మూసుకోవచ్చు. మౌసుతోని లాగి పడేసి రాసినయి గూడ గట్లనే సతాయిస్తయి. అవి యూడీఎఫ్ పద్ధతిల ఉంటయి, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ లేని మెషిన్‌ల తెరుచుకోవు.

ఇగ ఫైళ్ల పేర్లు కనవడి, ఆఖరి ఫైళ్ల కాడ ఆగిపోతె బయటి అంచు చూడుండ్రి. వేలిముద్రలు అక్కడనే ఎక్కువ. మెత్తని బట్టతోని నడిమిట్ల నుంచి అంచుకు నిలువుగ తుడవాలె, గుండ్రంగ తుడవొద్దు. 700 ఎంబీ డిస్కుల వరుసలు ఇరుకుగ ఉంటయి, కొన్ని పాత డ్రైవులు వాటితోని తంటాలు పడతయి. పైదిక్కు బాల్‌పెన్నుతోని పేర్లు రాసిన డిస్కులు చూస్తె నాకు పానం ఉసూరుమంటది. సమాచారం ఉన్న పొర పైదిక్కునే, పల్చని వార్నిష్ కిందనే ఉంటది. పెన్ను మొన అక్కడ్నే దిగుతది.

మీ డబ్బాల డిస్కులను రేపు ఆ పాత మెషిన్‌ల పెట్టకుండ్రి. డీవీడీ రైటర్ ఉన్నదాంట్ల పెట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టు హార్డ్‌డిస్కులకు దించుండ్రి. ముందుగాల ఆకుపచ్చ అడుగున్నయి తీయుండ్రి. అండ్ల ఎక్కువగ సయనైన్ రంగు వాడిండ్రు, వెలుతురుకు అది తొందరగ దెబ్బతింటది. బంగారు ఛాయ ఉన్నయి ఇంకొన్నొద్దులు ఆగుతయి.