మంచు కాల్చిన తోటలు

మంచు సోకి తామరకొలను మాడిపోయిందన్న పోలిక మన కావ్యాల్లో తరచుగా కనిపిస్తుంది. ఒకసారి పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి, "చల్లని మంచు ఎలా కాలుస్తుంది మాస్టారూ?" అని అడిగాడు. "కవిసమయంరా" అని తప్పించుకున్నాను. అసలు సమాధానం పదవీ విరమణ తరువాత, బ్రెజిల్ కాఫీ చరిత్ర చదువుతుండగా దొరికింది.

1975 జూలై 18. భూగోళపు దక్షిణార్ధంలో అది నడి చలికాలం. ముందునాడే పరానా రాష్ట్ర రాజధాని కురిటీబాలో హిమపాతమైంది. (కురిసేదీ, కమ్మేదీ, గడ్డకట్టేదీ మనకు అన్నీ మంచే, ఈ వ్యాసం రాయడంలో అదొక చిక్కు.) మర్నాడు లొండ్రీనా చుట్టుపట్ల కాఫీ తోటలు నల్లబడిపోయాయి. ఆ యేడు పరానా దిగుబడి సుమారు 1 కోటి 2 లక్షల బస్తాలు, దేశపు పంటలో దాదాపు సగం. 1976లో వచ్చినవి 3,800 బస్తాలు! తోటలున్నచోట సోయా, గోధుమ వచ్చాయి. కాఫీని నమ్ముకున్న కూలీలు వేలాదిగా వలసపోయారు.

దానికి అక్కడివారు పెట్టిన పేరు "నల్ల మంచు". గాలి పొడిగా ఉండటంవల్ల ఆకుమీద తెల్లని పేరుడు కనిపించదు. ఆకులోని రసమే గడ్డకట్టి, కణాలు చిట్లి, ఆకు మాడినట్టు నల్లబడుతుంది. మన కవులు అబద్ధమాడలేదు. నేనే పిల్లవాణ్ణి దబాయించాను.

రక్షణకు రైతులు రంపపుపొట్టు వంటివి రాజేసి తోటకు పొగ పట్టించేవారు. గాలి కదలని రాత్రి అది కొంత పనిచేయవచ్చు. గాలి వీచే రాత్రి పొగ నిలిచేదెక్కడ? నేలలోని వెచ్చదనాన్ని వాడుకోవడమే మేలైన ఉపాయమని నాకు తోస్తుంది. లొండ్రీనాలో 1972లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన సంస్థ చెప్పినదీ అదే. ఆరు నెలల లోపు మొక్కనైతే మంచు హెచ్చరిక రాగానే మట్టితో పూర్తిగా కప్పి, ముప్పు తప్పగానే తీయాలి. రెండేళ్ళ లోపు చెట్టుకు చలికాలం ముందే మొదలుకు మట్టి ఎగదోసి, సెప్టెంబరు నడిమిదాకా ఉంచాలి. పై కొమ్మలు పోయినా మొదలు బ్రతికి చిగురిస్తుంది. మొదలే పోతే మళ్ళీ నాటి, కాపుకోసం ఏళ్ళు ఎదురుచూడాలి. హెచ్చరికల వ్యవస్థ మాత్రం 1995లోగాని రాలేదు.

ఇంకొక ఉపాయం చదివి నాకు ముచ్చట వేసింది. లేత కాఫీ వరుసల నడుమ కంది వేస్తారట. నేల వేడి రాత్రివేళ ఆకాశానికి పోకుండా ఆ కొమ్మలు అడ్డుపడతాయి. కందికి పుట్టిల్లు మన దేశమే.