నీరు పల్లమెరుగు... మరి పల్లంలోకి నెట్టిందెవరు?

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నీటి సంగతి నిజమే. కానీ పల్లంలో ఎవరున్నారో, ఎందుకున్నారో చెప్పాల్సింది దేవుడు కాదు, చరిత్ర. ఈసారి బంగ్లాదేశ్ తీరాన్ని అడుగుదాం.

1970 నవంబర్ 12 రాత్రి భోలా తుఫాను కనీసం 3 లక్షల మందిని మింగింది. ఉప్పెన వచ్చేసరికి నదీ ముఖద్వారంలోని లంకల మీద ఎవరున్నారు? సొంత భూమి లేనివాళ్లు, వరికోతలకు వలస వచ్చిన కూలీలు.

1960ల నుంచి తీరం పొడవునా మట్టికట్టలు కట్టారు. ఉప్పునీరు ఆగింది. దాంతోపాటు నది తెచ్చే ఒండ్రూ ఆగింది. ఒండ్రు అందని పొలం కుంగింది, బయట నది మేటవేసి లేచింది. 1980ల్లో రొయ్యల చెరువులొచ్చాయి. ఏ ఉప్పునీటిని ఆపడానికి కట్టలు కట్టారో, ఆ నీటినే కట్టలు కోసి లోపలికి పెట్టారు. వరికి కావలసినంతమంది కూలీలు రొయ్యలకు అక్కర్లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల పిల్లలకు ఇది నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఎవరూ ఎదిరించలేదనుకోకండి. 1990 నవంబర్ 7న ఖుల్నా ప్రాంతంలోని హరిణ్‌ఖోలాలో రొయ్యల చెరువులకు అడ్డు నిలిచిన భూమిలేని స్త్రీ కరుణామయి సర్దార్‌ను చంపేశారు. ఆ కట్ట లోపలి ఊళ్లు ఆ తర్వాత కూడా రొయ్యలను రానివ్వలేదు.

2009 మే 25న ఐలా తుఫానుకు కట్టలు తెగాయి. పొలం నిండా ఉప్పు. తాగే చెరువులోనూ ఉప్పే. మిగిలిన కట్టల మీదే ఎన్నో కుటుంబాలు నెలల తరబడి బతికాయి. భూమి ఉన్నవాడు నేల తేరుకునేదాకా ఆగగలడు. రోజుకూలీ ఆగలేడు. తోలుపని చేసే రిషి కులస్థులు, ముండా ఆదివాసులు దేన్ని చూసుకుని ఆగాలి? దారి ఖుల్నాకు, ఢాకాకు. నదికోతకు ఇళ్లు పోగొట్టుకుని భోలా ద్వీపం నుంచి వచ్చినవాళ్ల పేరున ఢాకాలో భోలా బస్తీయే ఉంది.

వీళ్లను ఏమని పిలవాలి? 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక బృందం, రాజకీయ అభిప్రాయం కారణంగా తమను హింసిస్తారని భయపడి దేశం దాటినవాళ్లే శరణార్థులు. ఆ జాబితాలో సముద్రం లేదు. పైగా వీళ్లలో చాలామంది దేశమే దాటరు. రిక్షా కార్మికుడిగా, గార్మెంట్ కార్మికురాలిగా నగరంలో కలిసిపోతారు.

భూమి వేడెక్కుతోంది, సముద్రం పెరుగుతోంది. ఆ వేడికి కారణమైన పొగలో వీళ్ల వాటా నామమాత్రం. తుఫాను కులం చూడదంటారు. నిజమే, చూడదు. తుఫాను రాకముందే కులమూ భూమీ కలిసి ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చేశాయి.

అందుకే మిత్రులారా, వాతావరణ వలస అన్న మాట వినగానే సముద్రాన్ని ఒక్కదాన్నే ముద్దాయిని చెయ్యకండి. ఆ ఊళ్లో పల్లం ఎవరి వాటాకొచ్చిందో, ఎవరు పంచితే వచ్చిందో అడగండి.