దివిసీమలో పునర్నిర్మిత గ్రామములు



సముద్రతీరమున గల మన సీమలో గృహనిర్మాణ చరిత్ర ఉప్పెనల చరిత్రతో ముడివడి యున్నది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది గతించిరి. అటుపిమ్మట 113 ఏండ్లకు, 1977 నవంబరు 19న, అదే సముద్రము దివిసీమపై బడెను. సొర్లగొంది మొదలగు పల్లెలలో పూరిండ్లు నిలువవయ్యెను. ప్రభుత్వపు లెక్కలో సుమారు 10,000 మంది మృతులైరి.

తదనంతరము ప్రభుత్వమును, సేవాసంఘములును పూరిపాకలకు మారుగా కాంక్రీటు కప్పుగల యిండ్లను కట్టించిరి. మూలపాలెము దీనదయాళ్‌పురమను పేర మరల వెలసెను. తుపాను ఆశ్రయభవనములును లేచెను. 1990 మే 9న పెనుతుపాను వచ్చినపుడు, ముందుగా జనులను తరలించుటయు, ఈ భవనములును తోడై, ప్రాణనష్టము వేయికి లోబడెను.

అయినను ఉప్పుగాలికి కప్పులోని యినుము త్రుప్పుపట్టి పెచ్చులూడును. ఇల్లు కట్టించుట యొకనాటి దానము. దానిని నిలుపుట నిత్యవ్రతము. ఉప్పెన యెవరి కులమును అడుగలేదు, మనమును అడుగరాదు. కావున మన సంఘమువారు ఏటేటి చందాలో నొక భాగమును, కులభేదము పాటింపక, ఆ యిండ్ల మరమ్మతునకు వినియోగింపవలెనని దాతలను సవినయముగా ప్రార్థించుచున్నాము.