ముగ్గురు జార్జిలు, ఒక కెమెరా దుకాణం

కెమెరా దుకాణాల పూర్వచరిత్ర వెతుకుతుంటే ముగ్గురు జార్జిలు ఒకేచోట తారసపడ్డారు. ముగ్గురూ గుమాస్తాలే! జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలో రోచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో పద్దులు చూసేవారు. 1881లో ఆ ఉద్యోగం వదిలి పూర్తిగా ఫొటో ప్లేట్ల తయారీలోకి దిగారు. జార్జ్ డేవిసన్ లండన్‌లో ప్రభుత్వ ఆడిట్ ఆఫీసు గుమాస్తా. జార్జ్ వాల్టన్‌కు గ్లాస్గోలో పగలు బ్యాంకు పని, సాయంత్రం చిత్రకళ తరగతులు. 1888లో వాల్టన్ కూడా బ్యాంకుకు నమస్కారం పెట్టి ఇళ్లు, గదులు అలంకరించే వ్యాపారం మొదలుపెట్టారు. ఈస్ట్‌మన్ తొలి కొడాక్ కెమెరా బజారులోకి వచ్చిందీ ఆ ఏడాదే. మరో పదేళ్లకు ముగ్గురి దారులూ లండన్‌లో కలిశాయి. కెమెరా దుకాణానికి ఓ సొంత రూపం ఉండాలన్న ఆలోచన అక్కడే గట్టిగా వేళ్లూనుకుంది.

అంతకు ముందు ఫొటో వ్యాపారం ఎక్కువగా పట్టించుకున్నది వెలుగునే. 1841లో రిచర్డ్ బియర్డ్ లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ భవనం పైకప్పు మీద స్టూడియో తెరిచారు. పైన నీలి అద్దాలు బిగించారు. ఆనాటి ప్లేట్లకు నీలి కాంతి చాలు కాబట్టి, కూర్చున్నవాళ్ల కళ్లకు ఎండ తగలకుండానే బొమ్మ పడేది. 1860లో ఫొటోగ్రాఫర్ నాదార్ పారిస్‌లోని కాపుసీన్ వీధిలో ఇనుము, గాజు కలిపి పెద్ద స్టూడియో కట్టించి ఎర్రరంగు వేయించారు. 1874లో ఇంప్రెషనిస్టు చిత్రకారుల మొదటి ప్రదర్శన జరిగింది ఆ గదుల్లోనే. మన హైదరాబాదులో 1892లో రాజా దీన్‌దయాళ్ జనానా స్టూడియో తెరిచారు. ఘోషా స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫొటో దిగేలా ఎత్తయిన గోడలు కట్టించి, లోపలి పనంతా ఓ ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎవరు వస్తారో ముందు ఆలోచించి, ఆ తర్వాత గోడ ఎక్కడ లేపాలో నిర్ణయించిన కట్టడం అది. నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం.

ఇవన్నీ ఫొటో దిగే చోట్లు. కెమెరా కొనుక్కునే చోటు సంగతి వేరు. మందుల షాపులోనో, కళ్లజోళ్లు, దుర్భిణులు అమ్మేవాళ్ల దగ్గరో కెమెరా దొరికేది. ఫొటో తీయడమంటే రసాయనాలతో పని, కొనేవాడికి ఆ పని ముందే వచ్చి ఉండాలి. కొడాక్ వచ్చి ఆ లెక్క మార్చేసింది. వెల 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకు సరిపడా ఫిల్ము. అయిపోగానే కెమెరాను అలాగే కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే బొమ్మలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. ఇప్పుడు కొనేవాళ్లకు రసాయనాల పేర్లు తెలియనక్కర్లేదు. అలాంటి వాళ్లను సీసాల బీరువాల ముందు నిలబెడితే ఏం కొంటారు?

ఈ చిక్కు కళ్లబడ్డది డేవిసన్‌కే. ఆయన స్వయంగా పేరున్న ఫొటోగ్రాఫర్. 1890లో సూదిబెజ్జం కెమెరాతో మసకమసకగా తీసిన ఉల్లితోట బొమ్మ ఆనాడు పెద్ద వాదాలు రేపింది. 1889లోనే కొడాక్ లండన్ సంస్థ డైరెక్టర్ల బోర్డులో చేరారు, 1900కల్లా మేనేజింగ్ డైరెక్టర్. 1897లో రీజెంట్ స్ట్రీట్‌లోని న్యూ గ్యాలరీలో ఈస్ట్‌మన్ సంస్థ పెద్ద ఫొటో ప్రదర్శన పెట్టింది. ఆ గదుల్ని సింగారించే పనికి డేవిసన్ వాల్టన్‌ను పిలిపించారు. సరదాగా తీసుకున్న ఫొటోల్ని చిత్రకళకు ఇచ్చేంత మర్యాదతో గోడకెక్కించిన ప్రదర్శన అది. దాని వెంటే దుకాణాల పని కూడా వాల్టన్ చేతికొచ్చింది. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్, స్ట్రాండ్, చీప్‌సైడ్, బ్రాంప్టన్ రోడ్డు, ఆపైన గ్లాస్గో, బ్రసెల్స్, మిలాన్, వియన్నా. ఏ ఊళ్లో చూసినా ఇది కొడాక్ అంగడేనని గుర్తుపట్టేలా వీధి వైపు ముఖం ఉండేది. అలాగని ఒకదానికొకటి నకలు కాదు.

ఈ పనికి వాల్టన్‌నే ఎందుకు ఎంచుకున్నారన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. ఆయన తొలి పని గ్లాస్గోలో కేట్ క్రాన్‌స్టన్ అనే ఆవిడ నడిపే టీ గదులు. సారా కొట్టుకు బదులుగా మర్యాదగా కూర్చునే చోటు కావాలని ఆవిడ వాటిని తెరిచారు. 1896 ప్రాంతంలో బుకానన్ స్ట్రీట్ టీ గదుల్లో వాల్టన్ పక్కన పనిచేసింది చార్ల్స్ రెనీ మాకింతోష్. ఆయన తర్వాత వాస్తుశిల్పిగా ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. టీ గదిలో పనితనం ఏమిటంటే, ఎప్పుడూ రాని మనిషి కూడా గుమ్మం దాటగానే తడబాటు లేకుండా కూర్చోవాలి. కొడాక్‌కు సరిగ్గా ఆ విద్యే కావలసి వచ్చింది. వాల్టన్ వీధి వైపు సన్నని చెక్క చట్రాలతో అద్దాలు పెట్టారు, గోడలకు స్టెన్సిల్‌తో పూలూ తీగలూ దిద్దించారు. కుర్చీలు, బల్లలు, దీపాలు, గోడల రంగు అన్నీ ఒకే మనసులోంచి వచ్చినట్టుండేవి. సరుకు గుట్టలు పోయడం మానేసి, ఇంటి హాలుకు ఉండే నెమ్మది తెచ్చారు. ఈ పెట్టె మీ ఇంట్లో ఒదిగిపోతుందని సేల్స్‌మన్ నోరు విప్పకముందే గది చెప్పేసేది. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ కెమెరా వచ్చేనాటికి, పిల్లలైనా బెరుకు లేకుండా అడుగుపెట్టగల దుకాణాలు సిద్ధంగా ఉన్నాయి.

డేవిసన్ కథ ఇంకో మలుపు తిరిగింది. కొడాక్ షేర్లతో కోటీశ్వరుడైన ఆయన అరాచకవాదం వైపు, కార్మికోద్యమం వైపు మొగ్గారు. అది ఈస్ట్‌మన్‌కు మింగుడుపడలేదు. 1912లో డేవిసన్ బోర్డు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే వాల్టన్ ఆయన కోసం వేల్స్‌లోని హార్లెక్ కొండ మీద వెర్న్ వార్ అనే రాతి భవంతి కట్టి ఇచ్చారు. 1927లో అది శ్రామికులు చదువుకునే కళాశాల అయింది. కెమెరాలు అమ్మిన డబ్బుతో లేచిన గోడల మధ్య కూలిజనం పుస్తకాలు పట్టుకోవడం డేవిసన్ ఆశలకు తగిన ఫలం.

1911లో లండన్‌లోని కింగ్స్‌వేలో కొడాక్ హౌస్ లేచింది. కట్టింది మళ్లీ గ్లాస్గో మనిషే, జాన్ జేమ్స్ బర్నెట్. లోపలి ఉక్కు చట్రాన్ని అలంకారాల కింద దాచకుండా బయటి గోడ మీద తెలియనిచ్చిన తొలి లండన్ భవనాల్లో అదొకటి. భవనం ఇప్పటికీ ఉంది. వాల్టన్ అంగళ్లకు ఆ అదృష్టం లేదు. 1920ల చివరికి రీజెంట్ స్ట్రీట్‌ను దాదాపు మొత్తం పడగొట్టి కొత్తగా కట్టారు. భవనాల్ని కాపాడాలని అడిగే నోళ్లు ఉంటాయి, దుకాణం లోపలి గదిని కాపాడమని అడిగేవాళ్లు అరుదు. అద్దె గడువు తీరగానే చెక్కపనీ, గోడల మీది పూలూ చెత్తబండి ఎక్కుతాయి. సామాన్యులు కళతో రోజూ మెలిగిన గదులు మ్యూజియం బొమ్మల కంటే ఏమీ తక్కువ కావు. వాటిని పోగొట్టుకోవడం నిజమైన నష్టం.

తర్వాతి దశాబ్దాల్లో వేగమే గెలిచింది. 1965 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మొదలైన ఫోటోమ్యాట్ బడ్డీలు పసుపు కప్పుతో కారు పార్కింగ్ స్థలాల్లో వెలిశాయి. కారు దిగకుండానే కిటికీలోంచి ఫిల్ము ఇచ్చి, మర్నాడు ఫొటోలు పట్టుకెళ్లేవారు. 1980 నాటికి అమెరికాలో ఇవి వేల సంఖ్యకు చేరాయి. కారులో వెళ్తూ సైతం గుర్తుపట్టే చక్కని కట్టడాలే, కాకపోతే అందులో కొనేవాడికి అడుగుపెట్టే చోటు లేదు.

2006లో కెమెరాల తయారీ సంస్థ లైకా తన మొదటి సొంత దుకాణాన్ని టోక్యోలోని గింజాలో తెరిచి, కెమెరాలతోపాటు ఫొటో గ్యాలరీకీ చోటిచ్చింది. డేవిసన్, వాల్టన్ 1897లో నమ్మింది సరైనదేనని దీన్నిబట్టి తెలుస్తోంది. కెమెరా అద్దాల బీరువాలో పెట్టి చూపించే నగ కాదు, దాంతో ఏం చేయవచ్చో కనబడితేనే కొనేవాడికి చేయాలనిపిస్తుంది. కొత్తగా కెమెరా షోరూము కట్టేవాళ్లు స్పాట్‌లైట్ల ఖర్చు కాస్త తగ్గించుకుని, ఒక గోడను ఊరివాళ్లు తీసిన ఫొటోలకు వదలాలి. పక్కన నాలుగు మంచి కుర్చీలు వేయాలి. మొదటిసారి వచ్చిన మనిషి అక్కడ కూర్చుని అడగాలనుకున్నదంతా అడిగి వెళ్లగలిగితే ఆ కట్టడం తన పని చేసినట్టే.