గరిడీ ఇల్లు – వస్తాదు ఒడి



ఎవరైనా మన ముందు తెలివితేటలు ప్రదర్శించబోతే "నా దగ్గరా నీ సాముగరిడీలు?" అంటాం. మాట మిగిలింది గాని, అసలు గరిడీ చూసినవాళ్ళు మనలో ఎందరున్నారు? సాము అంటే కత్తి, కర్ర తిప్పే విద్య. దాన్ని నేర్పే చోటు గరిడీ. సరిహద్దు దాటి ఇటు బళ్ళారి వైపు వస్తే అదే 'గరడిమనె'. హైదరాబాదు వైపు తాలింఖానా, షోలాపూరు, కొల్హాపూరుల్లో తాలీము, ఒరిస్సాలో ఆఖడా. పేర్లు వేరైనా లోపల ఉండేది ఒకటే: మట్టి గోదా, గోడకు ఆంజనేయుడు, ఓ మూల గదలు, మధ్యలో వస్తాదు.

ఈ 'వస్తాదు' అనే మాటనే చూడండి. 'ఉస్తాద్' అనే పారసీ పదానికి మన నోట వచ్చిన రూపం. 'తాలీము' అరబ్బీ నుంచి వచ్చింది, నేర్పడం అని అర్థం. గోడ మీద హనుమంతుడు, నోట్లో పారసీ మాట. ఇద్దరికీ ఏనాడూ తగాదా రాలేదు.

ఈ విద్య మన నేలకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగేవాడట. ఒళ్ళంతా అదే నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు ఎత్తేవాడట. నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆ తర్వాత ఒక మల్లుడితో కుస్తీ పట్టి, అప్పుడు గుర్రమెక్కేవాడట. రాయలు మావాడంటే మావాడని మనం వాదించుకుంటాం. ఆయన్ని కింద పడేయడానికి రోజూ ప్రయత్నించిన ఆ మల్లుడిది ఏ భాషో పేస్ రాయలేదు.

మల్లులకు తెలుగులో జెట్లు అని పేరు. 1909లో దక్షిణాది కులాల గురించి రాసిన థర్‌స్టన్, జెట్టీలను కుస్తీ వృత్తిగా గల తెలుగువాళ్ళనే చెప్పాడు. తంజావూరులో చుట్టూ అరవమే ఉన్నా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడేవారని కూడా రాశాడు. నరాల నొప్పులకు ఒళ్ళు మర్దన చేసి మందు రాయడం వాళ్ళ రెండో వృత్తి. మైసూరు దసరాలో వజ్రముష్టి పోటీకి దిగేది కూడా జెట్టీలే. నెత్తురు చుక్క కనబడగానే ఆ పోటీ ఆపేస్తారు. పడగొట్టే చేతికే నొప్పి తీసే విద్య కూడా తెలిసి ఉండాలన్నది వాళ్ళ పద్ధతి.

ఇక కోడి రామమూర్తి నాయుడు గారి పేరు వినని తెలుగువారుండరు. 1882లో, ఈనాటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. తర్వాత సర్కసు పెట్టి, రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకుని దేశదేశాలా పేరు తెచ్చుకున్నారు. కలియుగ భీముడన్నారు జనం. ఆ మహాబలుడు చివరి రోజులు గడిపింది ఒరిస్సాలోని బలంగీర్ ప్రాంతంలో. 1942లో కన్నుమూశారు. తెలుగునాట పుట్టిన బలం ఒడియా నేలలో కలిసింది. సరిహద్దు జిల్లాల వాళ్ళం, మనకిది వింతగా తోచదు.

కోలారు జిల్లా దేవరాయసముద్రంలో పుట్టిన కె.వి. అయ్యర్ బెంగళూరులో వ్యాయామశాల నడిపారు. దూరాన ఉన్నవాళ్ళకు ఉత్తరాల ద్వారా కూడా వ్యాయామం నేర్పారు. ఆ కండలు తిరిగిన చేతితోనే కన్నడంలో 'శాంతల' నవల రాశారు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి మైసూరులో కలిసింది. పెద్దలు ఊళ్ళను పంచుకున్నారు గాని గరిడీని పంచలేదని మా తాతగారు అనేవారు. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని నేనూ వెళ్ళాను. మా వస్తాదు కన్నడంలో తిట్టేవాడు, తెలుగులో దండీలు లెక్కపెట్టేవాడు, బాగా చేస్తే ఉర్దూలో "శభాష్" అనేవాడు. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలపడం మాకు మొదటి పాఠం. నెల రోజులు మట్టి తవ్వించాడు గాని పట్టు నేర్పలేదు. ఫీజు లేదు, పండగకు ఓ కొబ్బరికాయ, తాంబూలం. ఒకరోజు బస్కీలు తీస్తూ నేను తూలితే, "పొద్దున ఏం తిన్నావురా?" అని అడిగాడు. ఏమీ తినలేదని తెలిసి, తన ఇంటికి తీసుకెళ్ళి రాగిసంకటి పెట్టించాడు.

మొన్న మా బడి పిల్లవాడొకడు నడుము పట్టుకుని తరగతికి వచ్చాడు. కొత్తగా జిమ్‌లో చేరాడట. మొదటి రోజే మోయలేనంత బరువు ఎత్తించారట. "నేర్పేవాడి పేరేమిట్రా?" అంటే, "తెలియదు సార్, మూడు నెలల్లో ముగ్గురు మారారు" అన్నాడు. డబ్బు కట్టాడు, అద్దం చూశాడు, వస్తాదు మాత్రం దొరకలేదు.

అలాగని పాతదంతా బంగారమని నేననను. మా గరిడీ గడప ఏ ఆడపిల్లా తొక్కలేదు. మా అక్క గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెనక్కి వచ్చేది. అదే సిక్కోలు జిల్లాలో, ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరికి నీలంశెట్టి అప్పన్న గారనే గురువు బరువులెత్తడం నేర్పారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన మా అక్క గుర్తొచ్చింది నాకు. ఈనాడు ఆమె కూతురు జిమ్‌కు వెళుతోంది. ఆ తలుపు తెరిచినందుకు జిమ్‌కు నేను దణ్ణం పెడతాను.

కాబట్టి మీ పిల్లలు ఏ వ్యాయామశాలలో చేరినా, మొదటి రోజు మీరూ వెంట వెళ్ళండి. యంత్రాలు ఎన్నున్నాయో తర్వాత చూద్దురు గాని, నేర్పే మనిషిని పలకరించండి. మీ బిడ్డ పేరు ఆయనకు తెలుసా, పొద్దున ఏం తిన్నాడో అడుగుతాడా, ఆగమని చెప్పే ధైర్యం ఉందా, కనుక్కోండి. మీ ఊళ్ళో పాత గరిడీ తాళం పడి ఉంటే, ఓ ఆదివారం ఆ తాళం తీయించి మట్టి తవ్వించండి. ఈసారి ఆడపిల్లల్ని కూడా లోపలికి రానివ్వండి.