కళేబరం చెప్పే నిజం: వన్యప్రాణి వైద్యంలో మన విద్యార్థులకు ఉన్న దారులు

2018 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో గుజరాత్‌లోని గిర్ అడవిలో మూడు వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. వాటిలో అవి కొట్లాడుకుని చచ్చాయని మొదట అధికారులు చెప్పారు. నమూనాలను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించాక కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ బయటపడింది. ఇది కుక్కల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. ఆ తర్వాతే టీకాలు తెప్పించి కొన్ని సింహాలకు వేశారు.

చనిపోయిన జంతువును కోసి, అవయవాలను పరిశీలించి, కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, చావుకు కారణం తేల్చే శాస్త్రమే వెటర్నరీ పాథాలజీ. అడవి జంతువుల జబ్బులను, అవి పశువులకూ మనుషులకూ పాకే తీరును చదివేది వన్యప్రాణి ఆరోగ్య విభాగం. ఈ రెండింటిలో విద్యార్థులకు, కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఏ దారులున్నాయో ఇక్కడ చెబుతున్నాం.

ఇది మన విషయం ఎందుకయింది?

చచ్చిన గొడ్డును మోయడం, తోలు ఒలవడం దళిత కులాల మీద వెట్టిగా రుద్దిన పని. ఆ చేతులకు ఏ అవయవం ఎక్కడుంటుందో తెలుసు. కానీ ఆ తెలివిని ఎవరూ చదువు అనలేదు, అంటు అన్నారు. 2016 జూలై 11న ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకుల బట్టలూడదీసి కొట్టారు. అదే కోత ప్రయోగశాలలో జరిగితే దానికి డిగ్రీ, జీతం, గౌరవం ఉన్నాయి. తాతల పనికే పిల్లలు తిరిగి వెళ్లాలని మేం అనడం లేదు. కత్తి పట్టే చెయ్యి ఒక కులానిదీ, రిపోర్టు మీద సంతకం పెట్టే చెయ్యి మరో కులానిదీ కాకూడదని అంటున్నాం.

మన ప్రాణాలకు సంబంధించిన కారణం కూడా ఉంది. ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువును కోసినా, దాని మాంసం ముట్టినా ఆ జబ్బు మనిషికి అంటుతుంది. విశాఖ ఏజెన్సీలో ఆదివాసులు ఇలా ఎన్నోసార్లు జబ్బుపడ్డారు. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే ఆ కళేబరాన్ని కోయకూడదు. ముందు చెవి నుంచి రక్తపు బొట్టు తీసి పరీక్షించాలి. ఈ ఒక్క పాఠం ఊరికి చేరినా ప్రాణాలు నిలుస్తాయి.

రాబందుల కథ కూడా ఇదే చెబుతుంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు రాబందుల కిడ్నీలను పాడుచేస్తోందని పాకిస్తాన్‌లో చనిపోయిన పక్షులను కోసి చూసిన పరిశోధన 2004లో బయటపెట్టింది. 2006లో మన దేశం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. ఈలోగా రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, కళేబరాలు ఊళ్ల పక్కన కుళ్లాయి.

చదువు దారులు

పదో తరగతి తర్వాత: పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్లు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వీటిని నడుపుతున్నాయి.

ఇంటర్ బైపీసీ తర్వాత: బీవీఎస్సీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. రాష్ట్ర సీట్లు కాక, 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ నీట్ ర్యాంకుతో దేశవ్యాప్తంగా భర్తీ చేస్తుంది. నీట్ రాసి ఎంబీబీఎస్ రాలేదని ఆగిపోయే మన పిల్లల్లో చాలామందికి ఈ కౌన్సెలింగ్ వేరుగా జరుగుతుందని తెలియదు.

పీజీ: ఐకార్ ప్రవేశ పరీక్ష రాస్తే ఇతర రాష్ట్రాల్లోనూ ఎంవీఎస్సీ పాథాలజీ చదవొచ్చు. వన్యప్రాణుల మీద ప్రత్యేక పీజీ కావాలంటే చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ, జబల్‌పూర్‌లోని నానాజీ దేశ్‌ముఖ్ విశ్వవిద్యాలయం చూడండి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో వన్యప్రాణి వ్యాధులకు ప్రత్యేక కేంద్రం ఉంది.

పశువైద్యం చదవనివాళ్లకు

జువాలజీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు ప్రయోగశాల వైపు నుంచి రావచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే ప్రయోగశాల. 2021లో నెహ్రూ జూలో 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు తేల్చింది ఇక్కడే. గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉంది. ఇలాంటి చోట్ల ప్రాజెక్ట్ అసోసియేట్, జేఆర్‌ఎఫ్ ఉద్యోగాల ప్రకటనలు సంస్థల వెబ్‌సైట్లలోనే వస్తాయి. దరఖాస్తుకు గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి వారానికొకసారి చూడటం అలవాటు చేసుకోండి. డిగ్రీ, పీజీ విద్యార్థులకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ కూడా ఉంది.

ఉద్యోగాలు

జూ నిబంధనల ప్రకారం జూలో చనిపోయిన ప్రతి జంతువుకూ పోస్ట్‌మార్టం తప్పనిసరి. పులి చనిపోతే జాతీయ పులుల సంరక్షణ సంస్థ నిర్దేశించిన పద్ధతిలో, వీడియో తీస్తూ చేయాలి. అంటే ఈ పనికి మనుషులు కావాలి. అటవీ శాఖకు పశువైద్యులు ఎక్కువగా పశుసంవర్ధక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వెళ్తారు. కాబట్టి రిజర్వేషన్ వర్తించే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టు అడవిలోకి కూడా ఒక దారే. గుజరాత్‌లోని జునాగఢ్‌లో జాతీయ వన్యప్రాణి రిఫరల్ కేంద్రానికి 2025 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి నియామకాలను గమనిస్తూ ఉండాలి. స్వచ్ఛంద సంస్థల్లో పని అనుభవం బాగా వస్తుంది, కానీ అక్కడ రిజర్వేషన్ చట్టం లేదు.

డబ్బు సంగతి

పీహెచ్‌డీకి ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి ఇస్తారు. నెలకు జేఆర్‌ఎఫ్ 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. ఎంపిక నెట్ పరీక్షల ద్వారా జరుగుతుంది. ఐకార్ ఫెలోషిప్‌ల పరీక్ష వేరు, రెండూ రాయడం మంచిది. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీకి జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 125 సీట్లున్నాయి. అందులో 115 ఎస్సీలకే. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలు, వయసు 35 దాటకూడదు. అయితే విశ్వవిద్యాలయం ర్యాంకును కూడా చూస్తారు కాబట్టి, దరఖాస్తుకు ముందే ఆ జాబితా సరిచూసుకోండి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా ఉంది.

ఖర్చు లేకుండా నేర్చుకునే మార్గం కూడా ఉంది. అమెరికాలోని జాయింట్ పాథాలజీ సెంటర్ నడిపే వెన్స్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ కేసులను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. డేవిస్ థాంప్సన్ ఫౌండేషన్ పాఠాలు, నోవాస్ ఆర్కైవ్ ఫొటోలు పరీక్షలకు బాగా పనికొస్తాయి.

చేరే ముందు అడగాల్సినవి

ఈ రంగంలో జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు, ఎదురు డబ్బు కట్టించుకునే వాలంటీర్ పనులు ఎక్కువ. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లే వాటిలో చేరతారు. వాళ్లకే అనుభవం, వాళ్లకే సిఫారసు లేఖ. ఇది కులం పేరెత్తకుండానే మనల్ని బయట నిలబెట్టే పద్ధతి. అందుకే అయిదు విషయాలు రాతపూర్వకంగా అడగండి: స్టైపెండ్ ఎంత? ఉండటానికి చోటు ఇస్తారా? రేబిస్ టీకా ముందే వేయిస్తారా? గ్లౌజులు, మాస్కులు ఎవరివి? పరిశోధన పత్రంలో పేరు ఉంటుందా?

విద్యార్థి సంఘాలకు మా మాట ఒకటి. మీ క్యాంపస్‌లో ఎంబీబీఎస్, ఇంజనీరింగ్‌తో పాటు నీట్ వెటర్నరీ కౌన్సెలింగ్ తేదీని కూడా నోటీసు బోర్డు మీద పెట్టండి. పోస్ట్‌మార్టం గదిలో ఏళ్లుగా కోత పని చేస్తున్న అటెండర్లకు టీకా, రక్షణ సామగ్రి, పర్మినెంట్ ఉద్యోగం అడగండి. వాళ్ల పిల్లలు అదే గదిలోకి డాక్టర్లుగా రావాలంటే ఈ రెండు పనులూ కలిసి జరగాలి.